పెళ్లిళ్ల ఫొటోగ్రఫీలోకి దిగాలనుంది, ముందు కెమెరా కొనాలా, క్లయింట్‌ని వెతుక్కోవాలా?

కొత్త_క్లిక్
ఉద్యోగం చేస్తూ సరదాకి ఫొటోలు తీస్తుంటా, ఎక్కువగా వీధులు, పక్షులు, పిల్లలు. ఈమధ్య ఫ్రెండు వాళ్ల చెల్లి పెళ్లిలో ఊరికే తీసినవి వాళ్లకి తెగ నచ్చేశాయి, డబ్బులిచ్చి పెట్టుకున్నాయన తీసినవాటికంటే ఇవే బాగున్నాయని ఒకటి పెద్ద ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. అప్పట్నుంచి దీన్నే పనిగా పెట్టుకుందామని మనసు పీకేస్తోంది. నా దగ్గరున్నది ఒక క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా బాడీ, దాంతోపాటే వచ్చిన కిట్ లెన్స్, ఒక 50 ఎంఎం 1.8 లెన్స్. లోన్ పెట్టి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీ, 24-70 2.8, 70-200 2.8 జూమ్ లెన్స్‌లు ఒకేసారి కొనేసి ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. ఇంట్లో గొడవ. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి, ఏది ముందు కొనాలి, మొదటి క్లయింట్ ఎలా దొరుకుతారు, ఎంత అడగాలి?

షట్టర్_బాబాయ్
లోన్ సంగతి తర్వాత, ముందు ఒక మాట విను. గెస్టుగా వెళ్లి తీయడం వేరు, డబ్బు తీసుకుని తీయడం వేరు. గెస్టుగా ఉన్నప్పుడు నీకు నచ్చిన చోట నిలబడి నచ్చింది తీశావు, తీయనిది ఏంటో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగరు. డబ్బు తీసుకున్నాక మొత్తం తిరగబడుతుంది. నువ్వు తీసిన 20 అద్భుతమైన ఫొటోల గురించి మాట్లాడరు, పెళ్లికూతురు వాళ్ల అమ్మమ్మతో ఒక్క ఫొటో కూడా లేదేంటి అని అడుగుతారు. ఆవిడ వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో తెలీని వయసులో ఉంటే ఆ ప్రశ్నకి నీ దగ్గర జవాబు ఉండదు. అందుకని ముందు ఎవరైనా అనుభవం ఉన్నాయన దగ్గర సెకండ్ షూటర్‌గా, అంటే పక్కనుండి తీసే రెండో ఫొటోగ్రాఫర్‌గా చేరు. కొన్ని నెలలు చెయ్. లైట్ ఎక్కడ పెడుతున్నాడు, జనాన్ని ఎలా నిలబెడుతున్నాడు, టైమ్ తప్పితే ఏం వదిలేస్తున్నాడు, ఇవి చూసి నేర్చుకోవాల్సిందే. అప్పటిదాకా ఉద్యోగం ముట్టుకోకు.

ఐఎస్ఓ_6400
బాబాయ్ చెప్పింది 100 శాతం. గేర్ విషయం నేను చెప్తా. ఒక ఖరీదైన బాడీ కంటే రెండు మామూలు బాడీలు మేలు. ఒకటి మధ్యలో చచ్చిపోతే పెళ్లి ఆగదు, రెండోది తీయాలి అంతే. ఇక బాడీకి రెండు కార్డు స్లాట్లు ఉండాలి, ఇది లేకుండా డబ్బులు తీసుకుని పెళ్లి తీయకు. ఫుల్ ఫ్రేమా క్రాపా అనేది దీని తర్వాత మాట.

నీడలోవెలుగు
క్రాప్ బాడీతో ఎన్నో పెళ్లిళ్లు చేశాను, ఎవరూ సెన్సర్ సైజు అడగలేదు. అసలు ఇబ్బంది కిట్ లెన్స్. జూమ్ చేస్తే అపెర్చర్ 5.6కి పడిపోతుంది, ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ లోపలి రంధ్రం చిన్నదవుతుంది. 2.8కీ 5.6కీ తేడా రెండు స్టాపులు, అంటే నాలుగో వంతు వెలుతురే లోపలికి వస్తుంది. ఒకడు ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) 3200లో తీసే ఫొటో నువ్వు 12800లో తీయాలి, లేదా షట్టర్ స్పీడు తగ్గించి నడిచే మనిషిని మసక చేసుకోవాలి. కాబట్టి డబ్బులు పెడితే లెన్స్‌లో పెట్టు.

కొత్త_క్లిక్
అంటే రెండు జూమ్‌లూ కొనాలా మరి?

నీడలోవెలుగు
కొనక్కర్లేదు, అద్దెకి తీసుకో. పెళ్లి వారాంతానికి అద్దెకి తెచ్చుకుని ఆ అద్దెని నీ రేట్లో కలుపుకో. నాలుగైదు సార్లు తెచ్చాక ఏది నీ చేతికి పడిందో నీకే తెలుస్తుంది. నేను 70-200 కచ్చితంగా కావాలనుకున్నా, చివరికి 35, 85 ప్రైమ్‌లతోనే (జూమ్ లేని లెన్స్‌లు) ముప్పాతిక పని అవుతోంది.

ఐఎస్ఓ_6400
ఇక్కడ నేను ఒప్పుకోను. కొత్తవాడికి ప్రైమ్‌లు చెప్పకండి. స్టేజి మీద జనం, వెనక్కి జరగడానికి చోటు లేదు, ముందుకెళ్తే వీడియో ఫ్రేమ్‌లో పడతావు, అప్పుడు లెన్స్ మారుస్తూ కూర్చుంటే ఆ క్షణం పోయినట్టే. 24-70 ఒక బాడీకి, 85 ఇంకో బాడీకి తగిలించుకుని తిరిగితే చాలు. పైగా ప్రైమ్ చేతికి రాగానే అందరూ 1.8లోనే తీస్తారు. గ్రూప్ ఫొటో కూడా 1.8. ముందు వరస కళ్లు తళతళ, వెనక వరస మామయ్యలందరూ మసక. రెండు మూడు వరసలుంటే 5.6, ఇంకా ఎక్కువుంటే 8, వెలుతురు చాలకపోతే ఫ్లాష్.

మసకమామయ్య
వెనక వరస మామయ్యల తరఫున ధన్యవాదాలు 🙏 పేరు ఇందాకే మార్చుకున్నా

తెల్లగోడ
ఫ్లాష్ అనగానే చాలామంది మొహం మీదకి నేరుగా కొడతారు. మొహం తెల్లగా, వెనకాల చీకటి, గోడ మీద నల్లటి నీడ. తల తిప్పి పక్క గోడకో సీలింగుకో కొట్టి చూడు, ఆ గోడంతా పెద్ద సాఫ్ట్ లైట్ అయిపోతుంది. ఒకటి గుర్తుపెట్టుకో, గోడ రంగే మొహం మీదకొస్తుంది, ఆకుపచ్చ గోడకి కొడితే అందరూ జ్వరం వచ్చినవాళ్లలా ఉంటారు. సీలింగు మరీ ఎత్తయితే వెలుతురు కిందకి రాదు, అప్పుడు స్టాండు మీద ఒక ఫ్లాష్ పక్క నుంచి పెట్టాలి.

నేచురల్_నాని
నేను ఫ్లాష్ ముట్టుకోను. ఉన్న వెలుతురులో తీసిన దాంట్లో ఉండే ప్రాణం ఫ్లాష్‌లో రాదు.

తెల్లగోడ
నాని, కిటికీ పక్కన పొద్దున తీసేటప్పుడు నీతో నేనూ ఒప్పుకుంటా. రాత్రి హాల్లో పైన పసుపు లైట్లు, స్టేజి మీద వంకాయ రంగు ఎల్ఈడీ, పక్కన నీలం స్క్రీన్ ఉంటాయి చూడు, అప్పుడు ఏ ప్రాణం వస్తుంది? ఆ వంకాయ రంగు మొహాన్ని ఎడిటింగ్‌లో బాగుచెయ్యలేం, చర్మం రంగు సమాచారమే ఫైల్లో ఉండదు. కొద్దిగా ఫ్లాష్ కలిపితే మొహానికి సరైన రంగు దక్కుతుంది. లైట్లు పాత బల్బుల్లా 3200 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) దగ్గర ఉంటే ఫ్లాష్‌కి ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ పొర) పెట్టు, ఎందుకంటే ఫ్లాష్ పగటి వెలుతురులా 5500 చుట్టుపక్కల ఉంటుంది, జెల్ లేకపోతే మనిషి తెల్లగా, వెనక అంతా నారింజ రంగులో వస్తుంది.

నేచురల్_నాని
వంకాయ రంగు సంగతి మాత్రం నిజమే, దాని ముందు నేనూ చేతులెత్తేస్తా. నా పోర్ట్‌ఫోలియో అంతా పగటి పెళ్లిళ్లే, రాత్రివి అడిగితే వేరేవాళ్ల నంబర్ ఇస్తా. అలా ఏది చేస్తావో తేల్చుకోవడం కూడా ఒక దారి కదా.

షట్టర్_బాబాయ్
దారే. కానీ అది పేరొచ్చాక. కొత్తవాడు వచ్చిన పని వదులుకోలేడు, కాబట్టి ఫ్లాష్ నేర్చుకోవాల్సిందే.

గీతలమనిషి
ఎల్ఈడీ లైట్ల గురించి ఇంకో విషయం. సైలెంట్‌గా ఉంటుందని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి తీస్తే ఫొటో అడ్డంగా చారలు చారలుగా వస్తుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది, అక్కడ షట్టర్ స్పీడు 1/50, 1/100 సేఫ్. 60 హెర్ట్జ్ దేశాల్లో 1/60, 1/125. మెకానికల్ షట్టర్, యాంటీ ఫ్లికర్ (మినుకు ప్రభావం తగ్గించే సెట్టింగ్) ఆన్ చేసుకో. అయినా కొన్ని ఎల్ఈడీ తెరలు ఈ లెక్కకి లొంగవు, అందుకే హాల్లోకి వెళ్లగానే రెండు టెస్ట్ షాట్లు తీసి జూమ్ చేసి చూడాలి. డీజే లేజర్ ఉంటే కెమెరాని దానికేసి తిప్పకు, నేరుగా పడితే సెన్సర్ మీద శాశ్వతంగా మచ్చలు పడొచ్చు.

కొత్త_క్లిక్
ఇవన్నీ నాకు తెలీనే తెలీదు. పక్షుల ఫొటోలకీ దీనికీ సంబంధమే లేదన్నమాట.

ఆల్బమ్_అక్క
ఉంది తమ్ముడూ, పక్షి ఎగిరే ముందు కనిపెట్టే ఓపిక నీకుంది కదా, అదే ఇక్కడా పనికొస్తుంది. కూతురు వెళ్లిపోయేటప్పుడు అందరూ ఆమెని తీస్తుంటారు, నువ్వు వాళ్ల నాన్నవైపు చూడు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉంటాడు, అద్దాలు శుభ్రంగానే ఉంటాయి, అయినా తుడుస్తూనే ఉంటాడు. ఆ ఒక్క ఫొటో దగ్గర ఆల్బమ్ తిప్పే చెయ్యి ఆగిపోతుంది. ఇది ఏ లెన్సూ నేర్పదు.

మసకమామయ్య
అక్కా ఆఫీసులో ఉన్నా, ఏడిపించకు

లెక్కల_లక్ష్మి
ఎంత అడగాలి అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. పక్కవాడు ఎంత అడుగుతున్నాడో చూసి అందులో కొంచెం తగ్గించి చెప్పడం అందరూ చేసే పని, దానివల్లే రెండేళ్లలో చాలామంది షాపు మూసేస్తారు. కింద నుంచి లెక్కేసుకో. పెళ్లిరోజు 10 గంటలు అనుకుందాం. అందరికీ కనిపించేది అదే. దాని ముందు మీటింగులు, ఫోన్లు, వేదిక చూసి రావడం. తర్వాత బ్యాకప్, 3000 ఫొటోల్లోంచి 500-600 ఏరడం, వాటికి రంగులు సరిచెయ్యడం, ఆల్బమ్ డిజైన్, వాళ్ల మార్పులు, మళ్లీ మార్పులు. మొత్తం 40 గంటలకి తగ్గదు. అంటే ఒక పెళ్లంటే ఒక వారం ఉద్యోగం. ఏడాదిలో ఎన్ని పెళ్లిళ్లు నిజంగా చెయ్యగలవో రాసుకో, సీజన్ కానప్పుడు ఖాళీగా ఉండే నెలలు తీసెయ్. నీ ఇంటి ఖర్చు, పన్ను, ఇన్సూరెన్స్, సాఫ్ట్‌వేర్ చందా, హార్డ్ డిస్కులు, సెకండ్ షూటర్‌కిచ్చేది, ప్రయాణాలు, పరికరాల అరుగుదల అన్నీ కలిపి ఆ సంఖ్యతో భాగించు. వచ్చినదానికంటే తక్కువకి ఒప్పుకుంటే నీ జేబులోంచి వాళ్ల పెళ్లి చేస్తున్నట్టే.

కొత్త_క్లిక్
పరికరాల అరుగుదల ఎలా లెక్కెయ్యాలి?

లెక్కల_లక్ష్మి
ఉదాహరణకి షట్టర్ 2 లక్షల క్లిక్కుల దాకా పనిచేస్తుందని కంపెనీ చెప్పిన బాడీ అనుకో. పెళ్లికి 3000 క్లిక్కులంటే 66 పెళ్లిళ్లు. బాడీ ఖరీదుని 66తో భాగించి ప్రతి బిల్లులో వెయ్. ఆ డబ్బు పక్కన పెట్టుకుంటే తర్వాతి బాడీకి లోన్ అక్కర్లేదు.

ఐఎస్ఓ_6400
ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఆ క్లిక్కుల లెక్క వర్తించదు కదా

గీతలమనిషి
వర్తించదు, కానీ చారలొస్తాయి అని ఇందాకే చెప్పుకున్నాం 😀

ఫ్రీగా_వస్తా
ఇంత లెక్కెందుకు బ్రో, మొదట్లో నాలుగైదు పెళ్లిళ్లు ఫ్రీగా చేసెయ్, పోర్ట్‌ఫోలియో తయారవుతుంది, ఆ తర్వాత పని దానంతటదే వస్తది. నేను గట్లనే మొదలుపెట్టిన.

లెక్కల_లక్ష్మి
ఫ్రీ అని తెలిస్తే వచ్చే ఫోన్లన్నీ ఫ్రీ కోసమే వస్తాయి. ఒకళ్లకి ఫ్రీగా చేసి వాళ్ల చుట్టాలకి డబ్బు అడిగితే మీ స్నేహితులకైతే ఊరికే చేశారుగా అంటారు.

ఫ్రీగా_వస్తా
నాకు అట్ల కాలేదు అక్కా. నేను ముందే చెప్పిన, మీకు వేరే ఫొటోగ్రాఫర్ ఉండాలె, నేను పక్కన ఉండి నా కోసం తీసుకుంట, బాగున్నవి మీకిస్త అని. బాధ్యత ఆయనది, నేర్చుకునుడు నాది. పైసలు తీసుకోలేదు కాబట్టి మాట పడలేదు.

షట్టర్_బాబాయ్
ఇలాగైతే మంచిదే, కానీ ఆ అసలు ఫొటోగ్రాఫర్‌ని కూడా అడగాలి. ఆయన ఫ్రేమ్‌కి అడ్డం నిలబడి నీ పోర్ట్‌ఫోలియో కట్టుకుంటే ఎవరూ మెచ్చరు. ఇంకో దారి చెప్తా, పెళ్లి కుదిరిన ఫ్రెండ్సు జంటని పెళ్లికి ముందే ఒక సాయంత్రం బయటికి తీసుకెళ్లి తియ్యి. టైమ్ ఒత్తిడి లేదు, పోతే మళ్లీ తీయొచ్చు, పోర్ట్‌ఫోలియో కూడా అవుతుంది.

పెళ్లయినమ్మాయి
నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు, తీయించుకున్నదాన్ని. ఒక మాట చెప్పొచ్చా? మా ఫొటోగ్రాఫర్ పని చాలా బాగుంటుందని అందరూ అంటే పెట్టుకున్నాం. పెళ్లి రోజు ఎంత సరదాగా ఉన్నాడో. ఆ తర్వాత ఫోన్ ఎత్తడు, ఎత్తితే వచ్చే వారం అంటాడు, అలా నెలలు గడిచాయి. ఫొటోలు వచ్చేలోపు మా తాతగారు పోయారు, ఆయన ఆ పెళ్లి ఫొటోలు చూసుకోకుండానే. చివరికి వచ్చినవి బాగున్నాయి, నేను వాటిని ఇప్పటికీ మనస్ఫూర్తిగా చూడలేను. మీరెవరైనా ఈ పని మొదలుపెడితే ఒక 30 ఫొటోలు రెండు మూడు రోజుల్లో పంపండి, ముందు ఇంట్లో పెద్దవాళ్లున్నవి. మిగతావి ఏ తేదీకి ఇస్తారో రాసివ్వండి, ఆలస్యమైతే మేం అడగకముందే మీరే ఫోన్ చేసి చెప్పండి. మాకు కావాల్సింది అంతే.

ఆల్బమ్_అక్క
అమ్మా, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలీలేదు. కొత్త_క్లిక్, కెమెరా సంగతులన్నీ మర్చిపోయినా పర్లేదు, ఈ పోస్ట్ మాత్రం ప్రింట్ తీసి టేబుల్ ముందు అంటించుకో.

కొత్త_క్లిక్
సేవ్ చేసుకున్నా అక్కా. చెప్పినందుకు థాంక్స్ అండీ, నిజంగా.

రాతకోతలు
తేదీ రాసివ్వండి అన్నారు కాబట్టి అగ్రిమెంట్ గురించి. రెండు పేజీలు చాలు, లాయర్ భాష అక్కర్లేదు. ఎన్ని గంటలు, ఎంతమంది తీస్తారు, సుమారు ఎన్ని ఎడిట్ చేసిన ఫొటోలు, ఎప్పటికిస్తావు, ఆల్బమ్‌లో ఎన్నిసార్లు మార్పులు ఉచితం, అడ్వాన్స్ ఎంత, తేదీ మారినా రద్దయినా ఆ అడ్వాన్స్ ఏమవుతుంది, నీకు ఒంట్లో బాగోకపోతే బదులెవరొస్తారు. కాపీరైట్ కూడా రాయాలి, కొన్ని దేశాల్లో అది తీసినవాళ్లది, కొన్నిచోట్ల డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లది, రాతలో ఉంటే తర్వాత గొడవుండదు. వాళ్ల ఫొటోలు నీ పేజీలో పెట్టుకోవడానికి విడిగా సంతకం తీసుకో. చాలామంది ఒప్పుకుంటారు, వద్దన్నవాళ్లవి పెట్టకు, పిల్లల ఫొటోల విషయంలో ఇంకా జాగ్రత్త.

మసకమామయ్య
చుట్టాల పెళ్లికి కూడా అగ్రిమెంటా? బాబాయ్ కొడుకు పెళ్లికి సంతకం పెట్టమంటే ఇంట్లోకి రానిస్తారా

రాతకోతలు
చుట్టాలకే ముందు కావాలి. బయటివాళ్లతో తేడా వస్తే ఒక క్లయింట్ పోతాడు, చుట్టాలతో వస్తే రాకపోకలే పోతాయి. అగ్రిమెంట్ అనకు, ఇదిగో బాబాయ్ మనం అనుకున్నవి మర్చిపోకుండా రాసుకున్నా, ఒకసారి చూడు అని వాట్సాప్‌లో పంపు. సరే అని జవాబొస్తే చాలావరకు పని అయినట్టే.

డిస్కుదేవుడు
బ్యాకప్ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు, ఐఎస్ఓ_6400 రెండు స్లాట్లని చెప్పి వదిలేశారు. ఆ రెండు స్లాట్లనీ బ్యాకప్ మోడ్‌లో పెట్టాలి, అంటే ప్రతి ఫొటో రెండింటిలోనూ పడాలి. ఒకటి నిండాక రెండోదానికి వెళ్లే మోడ్‌లో పెడితే రెండు స్లాట్లున్నా లేనట్టే. ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా పడుకునే ముందు రెండు డిస్కుల్లోకి కాపీ. 24 మెగాపిక్సెల్ రా ఫైల్ (కెమెరా ఇచ్చే ప్రాసెస్ చెయ్యని ఫైల్) కంప్రెస్ అయ్యాక 30 ఎంబీ అనుకున్నా 3000కి 90 జీబీ, సెకండ్ షూటర్‌వి కలిపితే దానికి రెట్టింపు. మూడో కాపీ ఇంట్లో ఉండకూడదు, క్లౌడ్‌లోనో వేరే ఇంట్లోనో ఉండాలి, దొంగతనం, అగ్నిప్రమాదం రెండు డిస్కుల్నీ ఒకేసారి తీసుకుపోతాయి. ఫొటోలు డెలివరీ అయ్యేదాకా కార్డులు ఫార్మాట్ చెయ్యొద్దు.

ఐఎస్ఓ_6400
బ్యాకప్ మోడ్ వల్లే ఒకసారి నా ప్రాణం నిలబడింది. వేడుక మధ్యలో మొదటి కార్డు ఎర్రర్ చూపించి ఇక తెరుచుకోలేదు, రెండోదాంట్లో అన్నీ ఉన్నాయి. పెళ్లివాళ్లకి ఆ సంగతే తెలీదు.

కొత్త_క్లిక్
ఒకే స్లాటున్న నా బాడీలో అలా అయితే ఏం చెయ్యాలి?

డిస్కుదేవుడు
ఆ కార్డు వెంటనే తీసెయ్, దానిమీద ఇంకొక్క ఫొటో కూడా తీయకు, ఫార్మాట్ చేయాలా అని అడిగితే నో అను. పొరపాటున డిలీట్ అయినా ఫార్మాట్ అయినా ఫైళ్లు చాలాసార్లు లోపలే ఉంటాయి, వాటిమీద కొత్తవి రాస్తేనే పోతాయి. ఇంటికెళ్లి ఫొటోరెక్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లాగొచ్చు, అది ఉచితమే. కార్డు చిప్పే చెడిపోతే మాత్రం ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏదీ పనిచెయ్యదు, అందుకే రెండు స్లాట్లు.

ఆల్బమ్_అక్క
గ్రూప్ ఫొటోలు కూడా చెప్పేస్తా, పెళ్లిలో ఎక్కువ టైమ్ అక్కడే పోతుంది. వారం ముందే రెండు కుటుంబాల నుంచి లిస్ట్ తీసుకో, ఎవరెవరు కలిసి నిలబడాలి, ఎవరిని పక్కపక్కన నిలబెట్టకూడదు అన్నది కూడా. విడిపోయిన తల్లిదండ్రులుంటే తెలీక ఒకచోటికి పిలిస్తే వాళ్లకి ఎంత ఇబ్బందో. ప్రతి కుటుంబం నుంచి గొంతున్న మనిషిని ఒకళ్లని అడుగు, పేర్లు పిలవడం వాళ్ల పని. నడవలేని పెద్దవాళ్లు, పసిపిల్లలున్న గ్రూపులు ముందు తీసి పంపించెయ్. ఒక్కో గ్రూపుకి నాలుగైదు క్లిక్కులు, ఎవరో ఒకళ్లు కళ్లు మూస్తారు.

కొత్త_క్లిక్
అందరికీ దండాలు. లోన్ ఆలోచన మానేశా, ఉద్యోగం ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఫొటోగ్రాఫర్లకి రాస్తే ఒకాయన వచ్చే నెల పెళ్లికి సెకండ్‌గా రమ్మన్నారు, రెండు స్లాట్ల బాడీ ఆయనే ఇస్తానన్నారు. అక్కడ ఏం చెయ్యకూడదో చెప్పండి.

షట్టర్_బాబాయ్
శభాష్. అక్కడ నీ విజిటింగ్ కార్డు, నీ నంబర్ గెస్టులకి ఇవ్వకు, ఎవరైనా అడిగితే ఆయన పేరే చెప్పు. ఆయన అనుమతి లేకుండా ఒక్క ఫొటో కూడా ఎక్కడా పెట్టకు, ఏవి నీ పోర్ట్‌ఫోలియోకి వాడుకోవచ్చో ముందే అడుగు. ఆయన ఎదురుగా తీస్తుంటే నువ్వు పక్క నుంచి తియ్యి, ఆయన జంటని తీస్తుంటే నువ్వు జనాన్ని తియ్యి. ఒకే ఫొటో ఇద్దరూ తెచ్చి ఏం లాభం. నల్లటి సౌకర్యమైన బూట్లు వేసుకో, రోజంతా నిలబడాలి.

డిస్కుదేవుడు
పొద్దున్నే ఆయన కెమెరా గడియారం, నీ కెమెరా గడియారం సెకన్లతో సహా కలుపు. ఇద్దరి ఫైళ్లూ టైమ్ ప్రకారం సర్దుతారు, రెండు నిమిషాల తేడా ఉన్నా వేడుక వరస అంతా కలగాపులగం అవుతుంది.

కొత్త_క్లిక్
ఒకవేళ కలపడం మర్చిపోతే?

డిస్కుదేవుడు
ఇద్దరూ ఒకే ఫోన్ గడియారం స్క్రీన్‌ని ఒక్కో ఫొటో తియ్యండి. ఆ రెండు ఫొటోల టైమ్ చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది, లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నీ ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి క్యాప్చర్ టైమ్ ఒకేసారి జరిపెయ్యొచ్చు. తర్వాతి పెళ్లికి మళ్లీ కలుపు, కెమెరా గడియారాలు నెమ్మదిగా తప్పుతుంటాయి.